సరదా గాలానికి సర్కారు నిబంధన: శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఎవరికి, ఎంతవరకు?

టెక్కలి గాలం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం ఉంటుందని ఇక్కడ పుట్టి పెరిగిన వారికి ఒకరు చెప్పనక్కర లేదు. నా సందేహం ఆ నిషేధం గురించి కాదు, దాని అంచున నిలబడిన మా వంటి వారి గురించి. మేము చేపలు అమ్ముకొని బతికేవాళ్లం కాదు. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ సెలవు రోజున రాడ్డు, రీలు పట్టుకొని భావనపాడుకో, బారువకో, కళింగపట్నానికో వెళ్లి గాలం వేసేవాళ్లం. ఒడ్డున నిలబడి వేసినంత కాలం ఎవరూ ఏమీ అనలేదు. అయితే నిషేధ కాలంలో కొందరు మిత్రులు ఒక మోటారు పడవను బాడుగకు మాట్లాడుకొని లోపలికి వెళ్లబోగా, ఊరి పెద్దలు రేవులోనే అడ్డుకొని, పడవ యజమానిని అందరి ముందు నిలదీశారు. మావాళ్లు అవమానపడి వెనక్కి వచ్చారు.

పెద్దలది అన్యాయమని నేను అనడం లేదు. నిబంధన ఏమిటో అడిగితే ఒక్కరూ తేల్చి చెప్పలేకపోయారని మాత్రమే అంటున్నాను. సరదా వేటకు మన రాష్ట్రంలో అనుమతి కావాలా? కావలసి వస్తే ఎవరిని అడగాలి? ఇప్పటివరకు నిబంధన లేకపోతే ప్రభుత్వం ఒకటి పెట్టడం మంచిదా, పెట్టకుండా వదిలేయడం మంచిదా? తెలిసినవారు విపులంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

కోట కూడలి వకీలు

టెక్కలి గాలం గారి ప్రశ్నకు చట్టం వైపు నుంచి సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను విజయనగరంలో న్యాయవాద వృత్తిలో ఉన్నాను.

ముందు సముద్రం ఎవరిదో చూడాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతల జరిగే వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ప్రాదేశిక జలాలంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. మీరు గాలం వేసే నీరంతా ఈ హద్దు లోపలే ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా వర్తించేది ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం, 1994. ఏటా వచ్చే వేట నిషేధపు ఉత్తర్వు కూడా ఈ చట్టం 4వ సెక్షన్ కింద ఇచ్చేదే.

ఈ చట్టం చూపంతా పడవ మీద ఉంటుంది. పడవ నమోదు, పడవకు లైసెన్సు, ఏ రకం పడవ తీరానికి ఎంత దూరంలో ఏ వలతో వేటాడవచ్చునన్న హద్దులు, ఉల్లంఘిస్తే పడవ స్వాధీనం, జరిమానా: ఇవే అందులోని ప్రధాన విషయాలు. ఒడ్డున నిలబడి గాలం వేసే మనిషికి లైసెన్సు ఇవ్వాలన్న ఊహే అందులో లేదు. కనుక ఒడ్డు మీది సరదా వేటకు మన దగ్గర ప్రత్యేకమైన అనుమతి పత్రం అంటూ లేదు.

పడవ ఎక్కగానే సంగతి మారిపోతుంది. నిషేధం యాంత్రిక పడవలకూ, అంటే పెద్ద మరబోట్లకూ, మోటారు బిగించిన పడవలకూ వర్తిస్తుంది. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు, నావలకు మినహాయింపు ఉంది. మోటారు పడవ మీద నుంచి వల వేసినా గాలం వేసినా వేట వేటే. పట్టుకున్న చేపను అమ్మబోమని చెప్పినంత మాత్రాన పడవకు మినహాయింపు దొరకదు. ఇందులో ఇంకొక చిక్కు ఉంది. పట్టుబడితే పోయేది పడవ యజమాని పడవ, అతని డీజిల్ రాయితీ. బాడుగ ఇచ్చిన సరదా వేటగాడు కారెక్కి ఇంటికి వెళ్లిపోతాడు. ఊరి పెద్దలు యజమానిని నిలదీయడంలో ఆంతర్యం ఇదే అయి ఉండవచ్చు.

పడవతో నిమిత్తం లేకుండా మనిషికే వర్తించే చట్టాలు రెండు ఉన్నాయి. 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలతోనూ విషంతోనూ చేపలు పట్టడాన్ని నిషేధిస్తుంది. పేలుడు పదార్థాల విషయంలో ఆ నిషేధం తీరం నుంచి ఒక మెరైన్ లీగు, అంటే 3 నాటికల్ మైళ్ల సముద్రానికి కూడా వర్తిస్తుంది. రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. తిమింగల సొరను 2001లో దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. రంపపు మూతి చేపలకు, సముద్ర తాబేళ్లకు, సముద్ర గుర్రాలకు కూడా ఈ చట్టం రక్షణ ఉంది. అటువంటిది గాలానికి తగిలితే వెంటనే వదిలేయాలి. ఫొటో కోసం ఒడ్డుకు ఈడ్చి, దాని మీద కాలు పెట్టి నిలబడితే, ఆ ఫొటోయే మీ మీద సాక్ష్యమవుతుంది.

మత్స్యశాఖ విశ్రాంతుడు

వకీలు గారు చెప్పినదానికి కొంచెం చేర్పు. చట్టం పడవను పట్టుకోవడానికి కారణం సులువే: పడవకు నంబరు ఉంటుంది, రేవు ఉంటుంది, యజమాని ఉంటాడు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం మరే జిల్లాకూ లేదు. ఇంత తీరం మీద గాలం పట్టిన ప్రతి మనిషినీ లైసెన్సు అడగడానికి సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారు? ఉన్న సిబ్బందికి తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకుండా చూడటమే తలకు మించిన పని. చేపల గుంపును చుట్టివేసే రింగు వలల మీద 2022 జనవరిలో విశాఖలో మత్స్యకారుల మధ్య జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. దాని మూలం ఆ 8 కిలోమీటర్ల హద్దే. అమలు చేయలేని నిబంధన రాసుకోవడం కంటే రాసుకోకపోవడం మేలని నా అనుభవం.

బారువ సంద్రం

నేను మత్స్యకార కుటుంబంలో పుట్టినవాణ్ని. మా నాన్నగారు, పెదనాన్నగారు తెప్ప మీద వెళ్లినవారు. నేను చదువుకొని వేరే ఉద్యోగం చేస్తున్నా ఊళ్లో ఇల్లు ఉంది, ఊరి కట్టుబాటు ఉంది. అందుచేత అవతలి ఒడ్డు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

తూర్పు తీరంలో నిషేధం ఒకప్పుడు 47 రోజులు ఉండేది. 2015 నుంచి 61 రోజులైంది. ఆ రెండు నెలలు మోటారు పడవ ఉన్న ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో బయటివారికి తెలియదు. ప్రభుత్వం ఇచ్చే భృతి 10,000 రూపాయలుగా ఉండి, 2025లో 20,000 అయింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న మన జిల్లాలోని బుడగట్లపాలెంలోనే ఆ పథకాన్ని ప్రారంభించారు. ఆ డబ్బు తీసుకొని, పడవను ఇసుక మీదికి లాగి, తాటాకులు కప్పి మావాళ్లు ఒడ్డున వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇప్పుడు ఆగితే తరువాత దొరుకుతుందని చెప్పింది ప్రభుత్వమే. అదే రోజుల్లో పట్నం నుంచి కారు వచ్చి, నలుగురు దిగి, వేల రూపాయల రాడ్లు విప్పి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి పెద్ద పండుగప్పను లాగి, తూకం వేసి, ఫొటో తీసుకొని, అందరూ చూస్తుండగా పెట్టెలో వేసుకొని వెళ్తే, ఒడ్డున కూర్చున్న మనిషికి ఎలా ఉంటుంది? చట్టం ఒప్పుతుందా లేదా అన్నది తరువాతి మాట.

ఇంకొక సంగతి ఉంది. సరదాకే పట్టామని చెప్పే వారిలో కొందరు ఆ చేపను నేరుగా హోటళ్లకు అమ్ముతున్నారు. అందరూ అని నేను అనను. నిషేధ కాలంలో మార్కెట్టులో పెద్ద చేప దొరకదు కాబట్టి ధర రెండింతలు పలుకుతుంది. రాడ్డు ఖరీదు, పెట్రోలు ఖర్చు ఆ ఒక్క చేపతో వచ్చేస్తాయి. అది సరదా ఎలా అవుతుంది? అది లైసెన్సు లేని వ్యాపారం. మా ఊళ్లో ఒక మనిషి కట్టుబాటు తప్పి వేటకు వెళ్తే పెద్దలు తప్పు వేస్తారు. అతను కట్టి తీరాలి. కారులో వచ్చినవారికి ఏ కట్టుబాటూ లేదు. నేను అడిగేది ఆ తేడా గురించే.

నౌపడ ఉప్పు

ఇంత చర్చ అవసరమా? సాయంత్రం కాలువ గట్టున గాలం వేసి నాలుగు జెల్లలు పట్టుకొనే పిల్లల దగ్గర కూడా రేపు ఎవరో రసీదు పుస్తకం పట్టుకొని వచ్చి డబ్బు అడుగుతారు. నిబంధన రాసేది కార్ల వారి కోసం, కట్టేది మాత్రం సైకిళ్ల వారు. నేను ఏ లైసెన్సుకూ ఒప్పుకోను.

బ్రిస్బేన్ నరసన్నపేట

నౌపడ ఉప్పు గారి భయం నాకు అర్థమైంది. అయితే లైసెన్సు వేరు, నిబంధన వేరు. మాది నరసన్నపేట, ప్రస్తుతం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర లేదు. ఎవరైనా వెళ్లి వేసుకోవచ్చు. పక్కనే ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో మాత్రం రుసుము కట్టాలి. ఆ డబ్బంతా సరదా వేట కోసమే ఏర్పాటైన ప్రత్యేక నిధికి వెళ్లి, దానితో చేపపిల్లలు వదలడం, ఒడ్డున వసతులు కల్పించడం వంటివి చేస్తారు. న్యూజీలాండ్‌లోనూ సముద్రపు సరదా వేటకు లైసెన్సు లేదు. ఇంగ్లండులో నదిలో గాలం వేయడానికి లైసెన్సు కావాలి గాని సముద్రంలో వేయడానికి అక్కర లేదు. కానీ ఈ దేశాలన్నింటిలోనూ నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. అవి మనిషి మీద కాక చేప మీద ఉంటాయి: ఇంత పొడవు లేనిదాన్ని పట్టకూడదు, రోజుకు ఇన్నింటికి మించి ఉంచుకోకూడదు, ఈ నెలల్లో ఈ చేప జోలికి పోకూడదు, సరదాకు పట్టినదాన్ని అమ్మకూడదు. ఈ చివరిది అన్నింటికంటే ముఖ్యం. బారువ సంద్రం గారి బాధకు మందు అందులోనే ఉందని నా అభిప్రాయం.

బారువ సంద్రం గారు పండుగప్పను ప్రస్తావించారు కాబట్టి దాని సంగతే చెబుతాను. మన పండుగప్పనే ఇక్కడ బారమండి అంటారు. రెండూ ఒకటే జాతి. ఇక్కడ 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్నీ 120 సెంటీమీటర్ల కంటే పెద్దదాన్నీ ఉంచుకోకూడదు. చిన్నదాన్ని వదలమనడం అందరికీ అర్థమవుతుంది. పెద్దదాన్ని ఎందుకు వదలాలి? పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారుతుంది. కాబట్టి బాగా పెద్ద చేప దాదాపు ఎప్పుడూ ఆడదే, లక్షల గుడ్లు పెట్టగలిగేదే. మన దగ్గర ఫొటోలకెక్కే ఆ పెద్ద చేపలే రేపటి సంతానానికి తల్లులన్నమాట. పైగా క్వీన్స్‌ల్యాండ్ తూర్పు తీరంలో నవంబరు 1 మధ్యాహ్నం నుంచి ఫిబ్రవరి 1 మధ్యాహ్నం వరకు ఈ చేపకు పూర్తి విరామం. వల వేసేవారికీ గాలం వేసేవారికీ ఒకటే నియమం. పడవ ఉందా, మోటారు ఉందా అని ఎవరూ అడగరు.

మన 1994 చట్టానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మన నిషేధం పడవను ఆపుతుంది. చేపను కాపాడుతుందా అంటే సగమే కాపాడుతుంది.

మత్స్యశాఖ విశ్రాంతుడు

చేప పొడవు మీద నియమం మన దేశానికి కొత్త కాదు. కేరళ 2015లోనే 14 రకాల చేపలకు కనీస చట్టబద్ధ పరిమాణం నిర్ణయించింది; తరువాత ఆ జాబితాను 58 రకాలకు పెంచింది. అక్కడ కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14 సెంటీమీటర్లు. వాటికి కొలతలు చెప్పింది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. ఆ నియమం వాణిజ్య వేట కోసం వచ్చినదే అయినా, దాన్ని గాలానికి వర్తింపజేయడంలో ఇబ్బంది ఏమీ లేదు. సరదా వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి కూడా దేశంలో ఉంది గాని, అది హిమాచల్ ప్రదేశ్ వంటి చోట్ల ట్రౌట్ చేపలున్న కొండ నదులకు సంబంధించినది. అక్కడ చలికాలంలో వేటకు సెలవు ఉంటుంది.

టెక్కలి గాలం

అమ్మకం మీద నిషేధానికి నాకు పూర్తి సమ్మతం. నిజమైన గాలగాడికి అందులో నష్టమేమీ లేదు.

పట్టి వదలడం గురించి కూడా ఒక మాట. చాలామంది వదిలేశామని చెబుతారు గాని, వదిలిన చేప బతికిందా అన్నది వేరే ప్రశ్న. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది. నైలాన్ దారం దానికి రాసుకుంటే తెగిపోతుంది, చేప నోట్లో గాలంతోనే వెళ్లిపోతుంది. అందుకే గాలానికి ముందు ఒక మూర పొడవున మందమైన దారం కట్టాలి. గుండ్రంగా లోపలికి వంగిన గాలం వాడితే అది చేప గొంతు దాకా పోకుండా పెదవి మూలకే పట్టుకుంటుంది. చేపను తడి చేతులతో పట్టుకోవాలి. ఎండిన ఇసుక మీద పొర్లించకూడదు, దవడ పట్టి నిలువునా వేలాడదీయకూడదు. ఇవి చట్టంలో రాసేవి కావు, కానీ మాలో మేము నేర్చుకోవలసినవి.

ఒక విషయంలో మాత్రం బారువ సంద్రం గారితో విభేదిస్తాను. ఒడ్డున నిలబడి గాలం వేసేవారిని కూడా 61 రోజులు ఆపాలంటే, మోటారు లేని తెప్పలకు ఇచ్చిన మినహాయింపు సంగతేమిటి? ఆ మినహాయింపుకు కారణం వాటి వేట బలం తక్కువ కావడమే కదా. ఒక గాలం బలం ఒక తెప్ప బలం కంటే ఎక్కువా?

బారువ సంద్రం

తెప్పకు మినహాయింపు ఇచ్చింది వేట బలం తక్కువని మాత్రమే కాదు, ఆ మనిషికి ఆ పూట కూడు అదేనని కూడా. ఈ రెండవ కారణం మీకు వర్తించదు. దీన్ని కోపంతో అనడం లేదు.

అయినా ఒడ్డంతా మూసేయమని నేను అడగను. నదీ మొగలు మూస్తే చాలు. కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి: పెద్ద చేప ఎక్కి దిగేది వీటిలోనే. మిగతా ఇసుక తీరంలో రెండు గాలాలు వేసుకుంటే సముద్రం తరిగిపోదు.

సోంపేట తాబేలు

అందరూ ఏప్రిల్, మే నెలల గురించే మాట్లాడుతున్నారు గాని, నా ఆందోళన జనవరి నుంచి మార్చి వరకు ఉన్న రాత్రుల గురించి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక మీదికి వచ్చి గుడ్లు పెట్టేది అప్పుడే. రాత్రి వేటకు వచ్చేవారు తలకు బలమైన లైట్లు కట్టుకొని, కారు హెడ్‌లైట్లు నీటి వైపు తిప్పి ఉంచుతారు. ఆ వెలుగు చూసి తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. పిగిలి బయటికి వచ్చిన పిల్లలు సముద్రం వైపు వెళ్లవలసింది పోయి వెలుగు వైపు, అంటే కారు చక్రాల వైపు పాకుతాయి. తెగిన నైలాన్ దారం ఇసుకలో వదిలేసి వెళ్లడం ఇంకొకటి. నిబంధన రాసేటప్పుడు ఆ మూడు నెలలు రాత్రి తొమ్మిది దాటాక ఒడ్డు మీద వాహనం, తెల్ల లైటు ఉండకూడదన్న వాక్యం చేర్చండి. ఎర్ర లైటు వాడుకోవచ్చు.

భోగాపురం నావికుడు

పడవ బాడుగ గురించి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన తరువాత రాష్ట్రంలో బోటు ప్రయాణాల మీద పట్టు బిగించారు. చేపల వేటకు నమోదైన పడవలో బాడుగకు మనుషులను ఎక్కించుకోవడం మరో రకం పని. ప్రమాదం జరిగితే యజమానికి బీమా దక్కుతుందన్న భరోసా లేదు. మన తీరంలో కెరటం విరిగే చోటు దాటడమే గండం. అలవాటైన నలుగురు మత్స్యకారులు కెరటం లెక్క చూసి దూకించే పడవలో, లైఫ్ జాకెట్టు లేకుండా రాడ్డు పట్టుకొని నిలబడిన కొత్త మనిషి ఉంటే అందరికీ ముప్పే. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారు ఎత్తైన కెరటాల హెచ్చరికలు ఇస్తూనే ఉంటారు. వాటిని మత్స్యకారులు చూస్తారు, సరదా వేటగాళ్లు ఎంతమంది చూస్తున్నారో నాకు అనుమానమే.

కోట కూడలి వకీలు

ఇంతవరకు వచ్చింది కాబట్టి, జిల్లా మత్స్యశాఖ అధికారికి ఇచ్చే వినతి పత్రంలో ఏమి రాయాలో నా ఆలోచన చెబుతాను. మనిషికి లైసెన్సు, రుసుము అడగవద్దు. నౌపడ ఉప్పు గారి అభ్యంతరం న్యాయమైనదే. సరదాకు పట్టిన చేపను అమ్మడం, హోటళ్లు దాన్ని కొనడం రెండూ నేరమని ప్రకటించమని అడగాలి. కొనేవాణ్ని వదిలి అమ్మేవాణ్ని మాత్రమే పట్టుకుంటే ప్రయోజనం లేదు. పండుగప్పకు కింది హద్దు, పై హద్దు రెండూ పెట్టమనాలి, ఆ అంకెలు మాత్రం పరిశోధన సంస్థ నిర్ణయించాలి. ఆస్ట్రేలియా అంకెలను ఇక్కడ అతికించకూడదు. నిషేధ కాలంలో నదీ మొగలలో గాలం ఆపాలి. తాబేళ్ల రాత్రుల నియమం చేర్చాలి. ఇవన్నీ కొత్త చట్టం లేకుండానే, 4వ సెక్షన్ కింద ఉత్తర్వుతో సాధ్యమా అన్నది నేను ఇంకా పరిశీలించాలి. పడవ లేని మనిషిని ఆ సెక్షన్ ఎంతవరకు కట్టివేస్తుందన్నదే అసలు చిక్కు. బహుశా చట్ట సవరణ కావలసి రావచ్చు.

12 నాటికల్ మైళ్లు దాటినవారికి కేంద్రం 2025 నవంబరులో ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే ప్రాదేశిక జలాలకు అవతల మన దేశానికి హక్కున్న సముద్రంలో, వేటకు కొత్త నిబంధనలు ప్రకటించింది. యాంత్రిక పడవలకు, పెద్ద మోటారు పడవలకు వాటి కింద ప్రవేశ అనుమతి కావాలి. సంప్రదాయ పడవలకు, చిన్న పడవలకు అక్కర లేదు. మన సరదా వేటగాళ్లు అంత దూరం పోరు కాబట్టి దాన్ని వినతిలో చేర్చనక్కర లేదు.

బారువ సంద్రం

వకీలు గారి ముసాయిదాకు ఒక సవరణ. చేపను కొలిచేది ఎవరు? శాఖ సిబ్బంది రారని విశ్రాంతుడు గారే చెప్పారు. ఊరి పెద్దలకు ఆ అధికారం ఇస్తే కట్టుబాటు పేరుతో ఎవరినైనా ఆపే ప్రమాదం ఉందని మీరంటారు, కాదనను. మత్స్యకార సహకార సంఘం నుంచి ఒకరు, గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడు, గాలం వేసేవారి నుంచి ఒకరు కలిసి కొలవాలని, మొదటిసారి హెచ్చరిక మాత్రమే ఇవ్వాలని రాయండి. జరిమానా వస్తే అది ఆ రేవుకే ఖర్చు కావాలి.

నౌపడ ఉప్పు

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏ నియమమూ వర్తించదని కూడా రాయండి. అప్పుడు నేనూ సంతకం పెడతాను.

టెక్కలి గాలం

రెండు సవరణలూ చేర్చాను. పిల్లల వయసు పన్నెండుకు బదులు పదహారు చేశాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. నదీ మొగల హద్దును ఎక్కడి నుంచి ఎక్కడికి గీయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వరదకు మొగ పక్కకు జరిగిపోతూ ఉంటుంది కాబట్టి దూరాన్ని ఒడ్డు మీది రాతి గుర్తు నుంచి కొలవాలా, నీటి అంచు నుంచి కొలవాలా అన్నది బారువ, కళింగపట్నం, కోనాడ మిత్రులు తమ ఊళ్లలో అడిగి రాయవలసిందిగా కోరుతున్నాను.